తీరికకు వ్యతిరేకం తొందర

మామూలు నిఘంటువు తెరవాలంటే మాట ముందే తెలిసి ఉండాలి. అర్థం కోసం వెతికేవాడికి అది దారి చూపిస్తుంది. మనసులో భావం మెదులుతూ మాట మాత్రం నాలుక మీదికి రాక తడుముకునేవాడికి అది చేయగలిగింది తక్కువ. లండన్ వైద్యుడు పీటర్ మార్క్ రోజే ఈ రెండో మనిషిని దృష్టిలో పెట్టుకుని ఒక పుస్తకం కూర్చాడు. అదే 1852లో అచ్చయిన ‘థిసారస్’. ఇంగ్లీషు రాసేవాళ్ల బల్లల మీద ఆ పేరు నేటికీ కనిపిస్తుంది. పేరు తెలిసినంతగా అందులోని పనితనం మనకు తెలియదు. పుస్తకమంతా ఒక వ్యాసంలో ఇమడదు కాబట్టి ఆటపాటలు, తీరిక, హాబీ అనే ఒక్క మూలను పట్టుకుని చూద్దాం. పనివాడి చెయ్యి ఎలాంటిదో తెలియడానికి అదే చాలు.

రోజే 1779లో లండన్‌లో పుట్టాడు. నాలుగేళ్ల వయసులోనే తండ్రి పోయాడు. పంతొమ్మిదేళ్లకు ఎడింబరోలో వైద్యపట్టా అందుకున్నాడు. మాంచెస్టర్‌లో వైద్యం చేస్తున్న రోజుల్లో, 1805లో, సొంత రాతకోతల అవసరానికి మాటలను భావాల వారీగా చిన్న పట్టికగా రాసుకున్నాడు. ఆ తర్వాత రాయల్ సొసైటీకి ఇరవై ఏళ్లకు పైగా కార్యదర్శిగా పనిచేశాడు. ఆ పదవి నుంచి తప్పుకున్నాక పాత పట్టికను బయటికి తీసి పెంచి, దిద్ది, ప్రచురించేనాటికి ఆయన వయసు 73. 1869లో తొంభై ఏళ్ల వయసులో కన్నుమూసేదాకా దాన్ని మెరుగుపరుస్తూనే ఉన్నాడు. తర్వాత కొడుకు, ఆ తర్వాత మనవడు ఆ పని చేపట్టారు.

వినోదం ఆయనకు పరాయి విషయం కాదు. చదరంగమంటే మక్కువ. గుర్రం అడుగుపెట్టిన గడిలో మళ్లీ పెట్టకుండా అరవై నాలుగు గళ్లూ ఎలా చుట్టిరావచ్చో 1840లో ఒక పద్ధతి ప్రకటించాడు. ఏ గడిలో మొదలుపెట్టినా, వేరే రంగున్న ఏ గడిలో ముగించమన్నా అది పనిచేస్తుంది. మన అలంకారికులు తురగబంధమని శ్లోకాల్లో చూపిన విద్యే ఇది. ప్రతి గడికీ ఒక్కసారే వెళ్లాలి, ఏ గడీ మిగిలిపోకూడదు. ఈ పట్టుదలే థిసారస్‌లోనూ కనిపిస్తుంది.

ఇక నిర్మాణం. మనిషి ఆలోచించగలిగిన భావాలన్నిటినీ రోజే ఆరు తరగతులు చేశాడు. అమూర్త సంబంధాలు, స్థలం, పదార్థం, బుద్ధి, సంకల్పం, భావోద్వేగాలు. వీటి కింద సరిగ్గా వెయ్యి శీర్షికలు. ప్రతి శీర్షికకూ ఒక సంఖ్య, దాని కింద ముందు నామవాచకాలు, తర్వాత క్రియలు, ఆపైన విశేషణాలు. నిర్వచనాలు మచ్చుకైనా ఉండవు. ఏ మాటకు ఏది పొరుగో చూపించడమే అర్థం చెప్పడం. వ్యతిరేక భావం ఉన్న శీర్షికలను ఒకే పేజీలో రెండు నిలువు వరుసలుగా ఎదురెదురుగా నిలబెట్టాడు. ఆయన తీర్పు ఎంత నిశితమైనదో ఈ ఎదురెదురు జతల్లోనే తెలుస్తుంది. ఇక్కడ నేను చెప్పే సంఖ్యలు, మాటలు 1911 నాటి కూర్పులోవి.

‘లీజర్’ అంటే తీరిక. దానికి వ్యతిరేకం ఏమిటని అడిగితే చాలామంది ‘పని’ అంటారు. రోజే అలా అనలేదు. 685వ శీర్షిక లీజర్. దానికి ఎదురుగా ఉన్నది 684, ‘హేస్ట్’, అంటే తొందర. చేతి నిండా పని ఉన్నా తొందర లేనివాడు తీరిగ్గానే ఉన్నట్టు. పనేమీ లేకపోయినా హడావిడి పడేవాడికి తీరిక లేనట్టే. మరి శ్రమకు ఎదురు ఎవరు? 686 ‘ఎగ్జర్షన్’కు ఎదురుగా 687 ‘రిపోజ్’, విశ్రాంతి. 688 ‘ఫటీగ్’, అలసటకు ఎదురుగా 689 ‘రిఫ్రెష్‌మెంట్’, సేదదీరడం. వినోదం వీటిలో దేనితోనూ కలవదు. అది సంకల్పం తరగతిని దాటి భావోద్వేగాల తరగతిలోకి వెళ్లింది. 840 ‘అమ్యూజ్‌మెంట్’. దానికి ఎదురు 841 ‘వియరీనెస్’, విసుగు.

తీరిక, విశ్రాంతి, సేదదీరడం, వినోదం. రోజువారీ మాటల్లో ఈ నాలుగింటినీ మనం కలగాపులగం చేసేస్తాం. రోజే ఒక్కొక్కదానికీ దాని సొంత శత్రువును వెతికిపెట్టాడు. తొందర పోతే తీరిక, శ్రమ ఆగితే విశ్రాంతి, అలసట తీరితే సేద, విసుగు వదిలితే వినోదం. నిర్వచనం ఒక్కటి కూడా రాయకుండా, కేవలం పక్కపక్కన నిలబెట్టి నాలుగు భావాలను విడదీసిన నేర్పు ఇది. సెలవు రోజంతా ఫోను చూస్తూ గడిపి సాయంత్రానికి మరింత నీరసపడేవాళ్లు ఈ పట్టిక ఒక్కసారి చూస్తే తమకు దొరికింది ఏదో, దొరకనిది ఏదో తేలిపోతుంది.

‘హాబీ’ ఎక్కడుంది? వినోదం కింద వెతకబోతాం. ఆ మాట 622వ శీర్షిక ‘పర్‌స్యూట్’ కింద ఉంది. ఒకదాని వెంటబడి సాగడం ఆ శీర్షిక భావం. అదే చోట వేట ఉంది, చేపలు పట్టడం ఉంది, ఇంగ్లీషువాళ్లు మన దేశంలో నేర్చుకుపోయిన ‘షికార్’ కూడా ఉంది. మూడు అంకెలు దాటితే 625, ‘బిజినెస్’. అంటే హాబీని రోజే వృత్తికి దగ్గరి పొరుగున కూర్చోబెట్టాడు. తపాలా బిళ్లలు సేకరించేవాడిని, పక్షులను గమనిస్తూ తిరిగేవాడిని చూసినవాళ్లెవరైనా ఇది నిజమని ఒప్పుకుంటారు. వాళ్లది కాలక్షేపం కాదు, అన్వేషణ. 622కు ఎదురుగా 623 ఉంది. దాని పేరు ‘అవాయిడెన్స్’, తప్పించుకోవడం.

జూదం దగ్గర ఆయన చూపు మరీ పదునైనది. విస్ట్, క్రిబేజ్ లాంటి పేకాటలు, చదరంగం, బ్యాక్‌గామన్ వినోదం కింద 840లో ఉన్నాయి. రూలెట్, పందెం, చివరికి బొమ్మా బొరుసా కూడా అక్కడ లేవు. అవి 621, ‘చాన్స్’ కింద చేరాయి. ఆ శీర్షికకు ఎదురున్నది 620, ‘ఇంటెన్షన్’, ఉద్దేశం. ఆడేవాడి తెలివికి పని ఉన్నది ఆట, అతని ఉద్దేశంతో నిమిత్తం లేకుండా తేలిపోయేది జూదం. నీతిబోధ ఒక్క ముక్క లేదు. సంఖ్య మార్చి పెట్టాడు, అంతే. చెప్పాల్సింది చెప్పేశాడు.

ఇప్పుడు 840 లోపలికి వెళదాం. మొదటి వరుసలో విశాలమైన మాటలు: రిక్రియేషన్, డైవర్షన్, పాస్‌టైమ్, స్పోర్ట్. తర్వాత అల్లరి, కేరింత, కోతిచేష్టల మాటలు. ఆ వెనక నాట్యాలు, విందులు, ఉత్సవాలు. అప్పుడు మైదానపు ఆటలు. ఆ తర్వాత పిల్లల ఆటలు: లీప్‌ఫ్రాగ్, కళ్లకు గంతలు కట్టి ఆడే బ్లైండ్‌మ్యాన్స్ బఫ్, చెప్పు దాచి వెతికించే హంట్ ద స్లిప్పర్. ఆ పైన పేకాటలు, బల్లమీది ఆటలు, బొమ్మలు, ఆడేవాళ్లు. వరుస చూస్తే విశాలమైన భావం నుంచి చేతికి తగిలే వస్తువు దాకా మెట్టుమెట్టుగా దిగుతుంది. దగ్గరి మాటలను కామాతో కలిపాడు, కాస్త దూరమైతే సెమీకోలన్ పెట్టాడు. విరామచిహ్నంతోనే అర్థాల మధ్య దూరం చెప్పిన నిఘంటుకారుడు ఆయన.

మధ్యమధ్య అంకెలు ఎదురవుతాయి. నవ్వు కావాలంటే 838కి, చమత్కారం కావాలంటే 842కి, బంధుమిత్రుల కలయిక కావాలంటే 892కి వెళ్లమని. ఒక భావం దగ్గర మొదలుపెట్టినవాడు ఈ అంకెల వెంట నడుస్తూ తాను ఊహించని చోటికి చేరుకుంటాడు. పుస్తకం చివర అకారాది సూచిక ఉంది. తెలిసిన మాట ఒక్కటి అందులో పట్టుకుంటే చాలు, దాని చుట్టాలన్నీ బయటపడతాయి.

ఇంగ్లీషు నేర్చుకునే మన పిల్లలకు ఇది ఎలా పనికొస్తుందో చెబుతాను. ‘నీ హాబీలేమిటి’ అని ఇంటర్వ్యూలో అడిగితే రీడింగ్, మ్యూజిక్, గార్డెనింగ్, వాకింగ్ అని అప్పజెప్పేసి ఊరుకుంటారు. రోజేలో ఈ నాలుగూ నాలుగు వేర్వేరు చోట్ల ఉంటాయి. చదువు బుద్ధి తరగతిలో 539. సంగీతం పదార్థం తరగతిలో, ధ్వని కింద 415. తోటపని వ్యవసాయంతో కలిసి 371. నడక స్థలం తరగతిలో ప్రయాణం కింద 266. నడక దగ్గరికి వెళ్లిన పిల్లవాడికి ప్రొమనేడ్, స్ట్రోల్, సాంటర్, ట్రాంప్ వరుసగా కనిపిస్తాయి. ఒకటి దర్జాగా నలుగురికీ కనబడేలా నడవడం, ఒకటి ఊరికే అలా తిరిగిరావడం, ఒకటి తీరిగ్గా, నింపాదిగా సాగడం, ఒకటి బరువైన అడుగులతో చాలా దూరం పోవడం. తాను సాయంత్రం చేసేది వీటిలో ఏదో ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు పిల్లవాడు మాటతో పాటు తన అలవాటును కూడా కొత్తగా చూసుకుంటాడు. తేడాలు తెలియకుండా పెద్దమాట ఏరుకుంటే అభాసుపాలవుతాడు కూడా. అందుకే థిసారస్‌తో పాటు మామూలు నిఘంటువు పక్కన ఉండాలి. రోజే మాటలు చూపిస్తాడు, వాటి తూకం నిఘంటువు చెబుతుంది.

ఈ పద్ధతికి పూర్వీకులెవరని రోజే వెతికితే ఆయనకు కనిపించినవాటిలో మన అమరకోశం ఒకటి. 1808లో శ్రీరాంపూర్‌లో అచ్చయిన కోల్‌బ్రూక్ ఇంగ్లీషు అనువాదాన్ని తన గ్రంథంలో ప్రస్తావించాడు. అమూర్త భావాల విషయంలో అది అసమగ్రమని అభిప్రాయపడ్డాడు. దాన్ని కూర్చిన అమరసింహుడి ప్రయోజనం వేరు. బాలుడు గుక్కతిప్పుకోకుండా వల్లించేలా శ్లోకంలో కూర్చాలి. ఆ కట్టుబాటులోనే క్రీడ, లీల, కేళి, పరిహాసాలను నాట్యవర్గంలో ఒక్కచోట చేర్చి, ద్యూతాన్ని వేరుచేసి శూద్రవర్గంలో పెట్టాడు. ఆటను, జూదాన్ని విడదీయాలని ఎన్నో శతాబ్దాల ఎడంలో ఇద్దరికీ తోచింది. ఒకరు చెవి కోసం కూర్చారు, ఒకరు కంటి కోసం కూర్చారు. ఇద్దరిదీ గొప్ప పనితనమే.

తెలుగులోనూ భావాల వారీ, రంగాల వారీ పని జరగకపోలేదు. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామ సంగ్రహాన్ని వర్గులుగా విభజించాడు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో, 1971లో చేనేత పదాలతో వచ్చిన మాండలిక వృత్తిపదకోశాలు మన భాషాశాస్త్రానికే గర్వకారణం. మనిషి పనిచేసేటప్పుడు వాడే మాటలకు దక్కిన ఆ గౌరవం ఆడుకునేటప్పుడు వాడే మాటలకూ దక్కాలి. వామనగుంటలు, పులిజూదం, గచ్చకాయలు, అష్టాచెమ్మా, కోతికొమ్మచ్చి, చెమ్మచెక్క, బిళ్లంగోడు. ఒక్కో ఆటలో పావుకు, పందేనికి, గెలుపుకు, తొండికి జిల్లాకో మాట ఉంది. ఏది తీరిక వేళ ఆట, ఏది నేర్పు ఆట, ఏది అదృష్టపు ఆట అని విడదీసి, ఎదురెదురు భావాలతో పట్టిక వేసుకోవడానికి రోజే పద్ధతి మన ముందుంది. 1911 నాటి కూర్పు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది. మీ ఇంట్లో డెబ్బై దాటిన పెద్దలుంటే, ఈ సెలవుల్లో వాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల ఊరి ఆటల మాటలు ఒక నోటుబుక్కులో ఎక్కించండి. అకారాది క్రమంలో వద్దు, భావాల వారీగా రాయండి.