మృత్కళలో ద్రవ్యసంయోగము

మట్టితో లోహమును, గాజును, నూలును, కొయ్యను జోడించు పద్ధతి నేటి మృత్కళలో విరివిగా గానవచ్చుచున్నది. దీనినిగూర్చి రెండు వాదములు గలవు. ఇది కేవలము నవీనమని కొందఱు మెచ్చుదురు. మట్టి శుద్ధతకు భంగమని కొందఱు నిరసింతురు. ఈ రెండును పరిశీలనకు నిలువవని మా యభిప్రాయము.

మట్టి యొంటరిగా నిలుచునది కాదు. నంద్యాల జిల్లాలోని దొర్నిపాడు, ఆళ్లగడ్డ ప్రాంతముల నల్లరేగడి యిందులకు తార్కాణము. అది తడిసిన నుబ్బును, ఎండిన బీటలువాఱును. అట్టి జిగటమట్టికి ఇసుకయో, ఊకయో, బూడిదయో చేర్చనిదే రూపము కుదురుకొనదు. రాయలసీమ మట్టిమిద్దెలలో దూలములపై దంతెలు పఱచి, పైని చౌడుమట్టి కప్పుదురు. బరువును కొయ్య మోయును. వానను చౌడు ఆపును. పింగాణిపై మెఱుగుపూత సైతము కరగి యంటుకొన్న గాజే. కావున సంయోగము క్రొత్తది కాదు. శుద్ధమృత్తిక యనునది ఊహామాత్రము.

మఱి మంచిచెడ్డల నిర్ణయించుట యెట్లు? చేర్చిన ద్రవ్యము మట్టి స్వభావమునకు ఎట్లు బదులు చెప్పుచున్నదను ప్రశ్నయే గీటురాయి. ఆఱునపుడును, కాలునపుడును మట్టి కుంచించుకొనును. ఇనుమునకు ఆ గుణము లేదు. పచ్చిమట్టిలో ఇనుపకడ్డీని బిగించి ఆవములో పెట్టినచో పగులు భయము మెండు. ఊక యట్లు గాక, తాను కాలిపోయి సన్నని రంధ్రములను మిగుల్చును. లోహమును తఱచుగా కాల్పు ముగిసిన పిమ్మట జతపఱచుట యీ కారణముననే. జపానుదేశీయుల ‘కిన్‌త్సుగి’ విద్యయందు పగిలిన పాత్రను ఒక వృక్షరసముతో అతికి, అతుకును బంగారుపొడితో తీర్చుదురు. అందు సంయోగము దాగదు, పగులే యలంకారమగును.

కాల్పని మట్టి సంగతి వేఱు. హైదరాబాదులోని ఖైరతాబాదున 1954లో గణపతి ప్రతిష్ఠ మొదలైనది. మునుపు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేయుచుండిన యా భారీ విగ్రహమును 2022లో తొలిసారి 50 అడుగుల యెత్తున మట్టితో నిర్మించిరి; 2024లో అది 70 అడుగులకు పెరిగినది. వాడుకలో అది మట్టివిగ్రహమే. కాని యంతటి యెత్తును మోయునది లోని యినుపచట్రము; మట్టిని పట్టియుంచునది గడ్డి. ఇది వంచన యని యొకరనవచ్చును. మేమట్లు తలపము. ఆ విగ్రహము నిలుచుటకే కాదు, కరగుటకును నిర్మింపబడినది. నీటిలో మట్టి విడివడును; ఇనుము మిగులును. ప్లాస్టర్ అట్లు సులువుగా కరగదు. కలియుటయే గాక విడిపోవుటయు నెఱిగిన సంయోగమిది.

కావున పరిశోధకులు ఒక కృతికి ‘మిశ్రమాధ్యమ’మని పేరు పెట్టి విడువరాదు. బరువు మోయునదేది, కాలిపోయినదేది, కంటికి కనబడునదేది, ఏది యెప్పుడు చేరినది యని విడదీసి చెప్పవలెను. కేవలము ‘మట్టి’ యని వ్రాసి యూరకున్నచో, మోసిన యినుమునకును, కాలిన యూకకును, వాని పాళ్లెఱిగి కలిపిన చేతులకును అన్యాయము జరుగును.