వ్యసనానికి రెండు అర్థాలు: ‘దేవదాసు’లో మద్యాసక్తి పరిణామక్రమం

ఉపోద్ఘాతం

తెలుగులో ‘దేవదాసు’ వ్యక్తినామంగా మాత్రమే నిలవలేదు. ప్రేమలో విఫలుడై గడ్డం పెంచుకొని తిరిగే యువకుణ్ణి సూచించే జాతివాచకంగా మారింది. శరత్‌చంద్ర చటోపాధ్యాయ యౌవనంలో రచించగా 1917లో గ్రంథరూపం పొందిన ఈ బెంగాలీ నవల తెలుగు పాఠకులకు పరాయి రచనగా తోచలేదు. చక్రపాణి, బొందలపాటి శివరామకృష్ణ వంటి అనువాదకుల కృషి వల్ల శరత్ తెలుగు రచయితలలో ఒకడన్నంతగా ఇక్కడి ఇళ్ళలోకి ప్రవేశించాడు. అయితే ఈ సాన్నిహిత్యమే నవల పఠనంలో ఒక పాక్షికతకు కారణమైంది. ప్రేమ విఫలం కావడం, దుఃఖం కలగడం, దుఃఖం వల్ల తాగడం, తాగి మరణించడం అనే నాలుగు మెట్ల సూత్రంగా నవల కుదించుకుపోయింది. ఈ సూత్రంలో మద్యం దుఃఖానికి గుర్తు మాత్రమే. దానికి స్వతంత్రమైన గమనం లేదు.

నవలాపాఠాన్ని దగ్గరగా పరిశీలిస్తే ఈ సూత్రం నిలవదు. దేవదాసు పతనంలో దుఃఖం ఎంత స్థిరంగా ఉందో మద్యాసక్తి అంత చలనశీలంగా ఉంది. అది మొదలవుతుంది, రూపం మార్చుకుంటుంది, మొదటి కారణాన్ని వదలివేసి తనకు తానే కారణమవుతుంది. ఈ క్రమాన్ని నవల ఏ కథనపద్ధతుల ద్వారా చూపిందో, తెలుగు గ్రహణంలో అది ఎందుకు కనుమరుగైందో నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

‘వ్యసనం’: ఒక మాట, రెండు దారులు

‘వ్యసన’ శబ్దానికి సంస్కృతంలో ఆపద, దుఃఖం అనే అర్థాలతో పాటు దురాసక్తి అనే అర్థమూ ఉంది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఎనిమిదవ అధికరణం రాజ్యాంగాలకు కలిగే ఆపదలను వ్యసనాలనే పేర చర్చిస్తుంది. అదే అధికరణం వేట, జూదం, స్త్రీ, పానం అనే నాలుగింటిని కామజ వ్యసనాలుగా లెక్కిస్తుంది. తెలుగులోనూ ‘వ్యసనపడు’ అంటే దుఃఖించు. ‘వ్యసనపరుడు’ అంటే దురలవాటుకు లోబడినవాడు. ఒకే ధాతువు నుండి వచ్చిన మాటలు ఒక చోట సానుభూతిని, మరొక చోట నిందను కోరుతున్నాయి. దేవదాసు ఈ రెండు అర్థాల కూడలిలో నిలిచిన పాత్ర. తెలుగు పాఠకలోకం అతనిలో వ్యసనపడేవాణ్ణి గుర్తించి, వ్యసనపరుణ్ణి మరచింది.

మద్యప్రభావాన్ని దశలుగా విభజించి చూడడం భారతీయ శాస్త్రసంప్రదాయానికి కొత్త కాదు. చరకసంహిత చికిత్సాస్థానంలోని మదాత్యయ ప్రకరణం మదాన్ని మూడు దశలుగా వర్ణిస్తుంది. అయితే ఆ విభజన ఒక పర్యాయం సేవించిన మద్యం క్రమంగా తలకెక్కే తీరుకు సంబంధించినది. సంవత్సరాల తరబడి మనిషి నడవడిని మార్చే క్రమాన్ని దశలుగా గుర్తించిన ఆధునికులలో జెలినెక్ ప్రముఖుడు. 1952లో అతడు మద్యాసక్తి దశలను వివరించాడు. 1976లో ఎడ్వర్డ్స్, గ్రాస్ మద్యాధీనతను లక్షణసముదాయంగా నిర్వచించారు. తాగాలన్న బలమైన కోరిక, అదుపు కోల్పోవడం, మోతాదు పెరగడం, మానితే శరీరం తిరగబడడం, ఇతర ఆసక్తులు సన్నగిల్లడం, హాని తెలిసీ కొనసాగించడం అనేవి తరువాతి కాలపు వైద్యవర్గీకరణలో ప్రధాన లక్షణాలయ్యాయి. పాత్ర రోగి కాదు; నవల రోగచరిత్ర కాదు. కాబట్టి ఈ లక్షణాలను దేవదాసుకు అంటగట్టి వ్యాధినిర్ధారణ చేయడం విమర్శ పని కాదు. వైద్యశాస్త్రం ఈ పరిభాషను కూర్చుకోవడానికి దశాబ్దాల ముందే ఒక నవలాకారుడు ఆ గమనాన్ని ఎలా పట్టుకున్నాడన్నదే ఇక్కడి ప్రశ్న.

మద్యానికి పూర్వం

నవల ప్రారంభం దేవదాసు బాల్యం. బడిలో తోటి పిల్లవాణ్ణి సున్నపు కుప్పలోకి తోసి పారిపోయిన దేవదాసు వెదురుపొదలలో దాగి హుక్కా పీలుస్తూ కనిపిస్తాడు. అతని జాడ తెలిసినది పార్వతి ఒక్కతే. కొంగున మరమరాలు కట్టుకొని పోయి అతనికి పెడుతుంది. అతడు కొట్టినా ఇంట్లో నిజం చెప్పదు. ఈ ఘట్టాలను సాధారణంగా బాల్యప్రణయపు ముగ్ధత్వంగా చదవడం పరిపాటి. కాని తప్పు చేయడం, తప్పించుకొని పోవడం, ఎవరో ఒకరు వెతుక్కొంటూ వచ్చి ఆకలి తీర్చడం, ఆ రహస్యాన్ని కాపాడడం అనే వరుస నవల చివరి భాగంలో ఇంచుమించు యథాతథంగా పునరావృతమవుతుంది. అక్కడ వెదురుపొద స్థానంలో కలకత్తా వీధి, పార్వతి స్థానంలో చంద్రముఖి ఉంటారు.

యౌవనంలోనూ ఇదే వరుస. అర్ధరాత్రి పార్వతి తన గదికి వచ్చి ఆశ్రయం కోరినప్పుడు దేవదాసు నిర్ణయం తీసుకోలేకపోతాడు. తల్లిదండ్రుల నిరాకరణ తరువాత కలకత్తా వెళ్ళి, ఆమెపై ప్రేమ లేదన్నట్లు ఉత్తరం రాసి, అది పంపిన తరువాత పశ్చాత్తాపపడతాడు. తిరిగి వచ్చేసరికి పార్వతి అభిమానం గాయపడి ఉంటుంది. ఆమె మాటకు కోపించి చేతిలోని గాలపు కర్రతో ఆమె నుదుటిపై కొడతాడు. ఈ సన్నివేశాలన్నీ అతడు మద్యం ముట్టకముందువి. చేయవలసిన వేళ చేయకపోవడం, చేయకూడనిది క్షణావేశంలో చేయడం, ఆ పైన వగచడం అతని స్వభావంలో ముందే ఉన్నాయి. కనుక మద్యం మంచివాణ్ణి చెడ్డవాణ్ణి చేసిందన్న నీతినాటక తర్కాన్ని శరత్ అంగీకరించలేదు. మద్యం అప్పటికే ఉన్న బలహీనతకు నివాసం కల్పించింది.

సాధనం నుండి అవసరానికి

చునీలాల్ వెంట చంద్రముఖి ఇంటికి మొదటిసారి వెళ్ళిన దేవదాసు ఆ పరిసరాన్ని ఏవగించుకొని, డబ్బు పడవేసి వెళ్ళిపోతాడు. తరువాతి రాకపోకలలో తాగడం మొదలవుతుంది. తాను తాగేది ఆనందం కోసం కాదనీ, అటువంటి చోట కూర్చోగలగడానికేననీ అతడే చంద్రముఖికి చెబుతాడు. నవలలో ఇది కీలకమైన ఒప్పుకోలు. మరచిపోవడానికి వచ్చిన చోటు అసహ్యం. ఆ అసహ్యాన్ని భరించడానికి మద్యం. మద్యం కోసం మళ్ళీ ఆ చోటు. ఈ వలయంలో పార్వతి పేరు లేదు. దుఃఖం తలుపు వరకు తీసుకొని వచ్చింది. లోపల కూర్చోబెట్టినది వేరొకటి. నవల ఎక్కడా మద్యపు రుచిని గాని, మత్తులోని సుఖాన్ని గాని వర్ణించకపోవడం గమనార్హం.

తండ్రి మరణానంతరం గ్రామంలో పార్వతితో జరిగే సంభాషణ తరువాతి దశను సూచిస్తుంది. సేవకుడు ధర్మదాసు ద్వారా సంగతి తెలిసిన పార్వతి తాగుడు మానుతానని మాట ఇమ్మంటుంది. దేవదాసు ఆ మాట ఇవ్వలేడు. అందుకు ప్రతిగా, ఈ రాత్రే తనతో వచ్చివేయగలవా అని ఆమెను అడుగుతాడు. తనకు సాధ్యం కానిదానిని ఆమెకు సాధ్యం కానిదానితో సరితూచి తన అశక్తతను న్యాయంగా నిలబెట్టుకొంటాడు. చివరకు అతడిచ్చే మాట వేరు: మరణించేలోగా ఒకసారి ఆమె ఇంటికి వచ్చి ఆమె సేవ స్వీకరిస్తానని. మానుతానన్న ప్రతిజ్ఞ స్థానంలో వస్తానన్న ప్రతిజ్ఞ వచ్చి చేరింది. నవల పతాకసన్నివేశమంతా ఈ రెండవ ప్రతిజ్ఞ నెరవేర్పుగానే నడుస్తుంది. పాఠకుడు ఆ నెరవేర్పుకు కన్నీరు పెడతాడు. అది మొదటి ప్రతిజ్ఞను తప్పించుకొనడానికి పుట్టినదన్న సంగతి అప్పటికి మరుగున పడుతుంది.

కథనకాలం, పరుల చూపు

దేవదాసు క్షీణతను శరత్ నిరంతరంగా చూపడు. నెలలు, సంవత్సరాలు వాక్యాల మధ్య గడచిపోతాయి. ప్రతి విరామం తరువాత దేవదాసు మరొకరి కంటికి కనిపిస్తాడు: ఒకసారి పార్వతికి, ఒకసారి చంద్రముఖికి. కొన్నిసార్లు కనిపించడు, వినబడతాడు. తల్లి కాశీకి వెళ్ళిపోయిన తరువాత ఆస్తి కరిగిపోతున్న వైనం చంద్రముఖికి అతని అన్న ఇంటి నుండి తెలుస్తుంది. ఆమె వెతుక్కొంటూ కలకత్తా చేరేసరికి అతడు రాత్రివేళ వీధి పక్కన స్పృహ లేకుండా పడి ఉంటాడు.

ఈ ఖండఖండ కథనం శిల్పలోపం కాదు. వ్యసనంలో ఉన్నవాడికి తన మార్పు తెలియదు. ప్రతి రోజూ నిన్నటి రోజులాగే ఉంటుంది. మార్పు కనిపించేది మధ్యమధ్య చూచేవారికి. కథనం దేవదాసు మనస్సులో నిలకడగా ఉండి ఉంటే పాఠకుడికి దుఃఖమే దొరికేది. పరుల చూపులోకి మారడం వల్ల బాకీలు, కాలేయపు నొప్పి, జ్వరం, చెదిరిన రూపం దొరికాయి. ఈ చూపు స్త్రీలది, సేవకునిది కావడం మరొక విశేషం. వ్యసనం చేసేది ఒకరు, లెక్క కట్టేది వేరొకరు. నవలలో ఆ లెక్క భారం పార్వతి, చంద్రముఖి, ధర్మదాసులపైనే పడింది.

విరామం, పునఃపతనం

చంద్రముఖి శుశ్రూషతో దేవదాసు కోలుకొంటాడు, మద్యం మానతాడు. వాయుమార్పు కోసం ధర్మదాసుతో పశ్చిమప్రాంతాలకు బయలుదేరుతాడు. చంద్రముఖి వెంట వస్తానన్నా ఒప్పుకోడు. దూరప్రాంతంలో పాత మిత్రుడు చునీలాల్ తారసపడినప్పుడు మళ్ళీ తాగుతాడు. ‘విఫలప్రేమ’ సూత్రం ఈ ఘట్టాన్ని వివరించలేదు. ఇక్కడ కొత్తగా వచ్చిన దుఃఖమేదీ లేదు. పార్వతి నుండి వార్త లేదు. ఉన్నది పాత స్నేహితుడు, పాత అలవాటు. చాలా కాలం మానినవాడు పాత పరిసరం ఎదురుకాగానే జారిపోవడం వ్యసనస్వభావమే తప్ప ప్రణయస్వభావం కాదు. శరత్ దీనిని ఆర్భాటం లేకుండా చెప్పి ముందుకు సాగడం వల్ల చాలామంది దృష్టికి రాలేదు.

తిరుగు ప్రయాణంలో పాండువా స్టేషనులో, నిద్రలో ఉన్న ధర్మదాసును లేపకుండా దిగి, ఎడ్లబండిలో హాతీపోతాకు సాగిన దేవదాసు, పార్వతి ఇంటి ఎదుట చెట్టు కింద మరణిస్తాడు. కాపాడగల ఆఖరి మనిషిని కూడా వదలి ఒంటరిగా దిగడంలో బాల్యంలోని పారిపోయే అలవాటు చివరిసారి పలుకుతుంది. ఈసారి వెతుక్కొంటూ వచ్చేవారికి గడప దాటే వీలు లేదు.

తెలుగు గ్రహణం: పాటలో కలిసిపోయిన పానం

1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో వెలువడిన ‘దేవదాసు’ చలనచిత్రం తెలుగువారి దేవదాసును స్థిరపరచింది. అక్కినేని నాగేశ్వరరావు అభినయం, సముద్రాల రాఘవాచార్య సాహిత్యం, సుబ్బురామన్ సంగీతం, ఘంటసాల గళం కలిసి తాగినవానికి ఒక తాత్త్వికవాణిని ప్రసాదించాయి. నవలలోని దేవదాసుకు అటువంటి వాణి లేదు. మత్తులో అతడు మాట తడబడేవాడే గాని వేదాంతం చెప్పేవాడు కాడు. చిత్రం కళాపరంగా ఎంత ఉన్నతమైనదైనా, మద్యాన్ని వైరాగ్యానికి వాహికగా మార్చింది. వేమన నాటి నుండి అచలబోధ పాడినవారి వరకు జగత్తును మాయగా చెప్పే వాణికి తెలుగునాట గౌరవం ఉంది. తాగినవాడు ఆ వాణిని అరువు తెచ్చుకొన్నప్పుడు అతడు వ్యసనపరుడుగా కాక విరాగిగా కనిపించాడు. 1974లో కృష్ణ నటించిన చిత్రం, 1978లోని ‘దేవదాసు మళ్ళీ పుట్టాడు’ ఈ పాత్రను మళ్ళీ పిలిచాయి. 2017లో వచ్చిన ‘అర్జున్ రెడ్డి’లో వృత్తికి, రోగులకు కలిగే ప్రమాదం కథలోకి వచ్చినా, వ్యసనాన్ని ప్రేమ తీవ్రతకు కొలతగా చూసే దృష్టి పూర్తిగా పోలేదు.

ఇదే నేలపై 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాకు వ్యతిరేకంగా కదిలారు. 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి ఆ కదలిక దారి తీసింది. ఆ స్త్రీలు చూచిన తాగుబోతుకు పాట లేదు. ఖాళీ అయిన కూలి డబ్బులు, దెబ్బలు ఉన్నాయి. తెలుగు సమాజంలో ఈ రెండు తాగుబోతు రూపాలు ఒకదానినొకటి ఎరుగనట్లు పక్కపక్కనే జీవించాయి. ఒకటి జమీందారు కుమారుడిది, మరొకటి కూలివాడిది. మొదటివానికి వ్యసనంలోని దుఃఖార్థం, రెండవవానికి దోషార్థం దక్కాయి. ఈ పంపకం వెనుక వర్గదృష్టి ఉందన్నది కాదనలేని విషయం. నవలలోని పార్వతి నుదుటి గాయం ఈ రెండు రూపాలను కలపగల గుర్తు. కాని గ్రహణసంప్రదాయం దానిని ప్రేమచిహ్నంగా చదివింది.

ముగింపు

ఈ పఠనానికి పరిమితి లేకపోలేదు. నవల చివర కథకుడు దేవదాసు వంటి అభాగ్యుని కోసం పాఠకుని కన్నీటిని కోరతాడు. సానుభూతి పఠనానికి మూలం రచనలోనే ఉంది. అయితే కథకుడు కోరినది జాలి, అనుకరణ కాదు. జాలి పడవలసిన స్థితిని ఆదర్శప్రేమగా కొలవడం పాఠకలోకం చేసిన చేర్పు.

దుఃఖాన్ని, దోషాన్ని ఒకే మాటలో ఇముడ్చుకొన్న తెలుగు భాషకు ఈ నవలను సమగ్రంగా చదివే సాధనం ముందే సిద్ధంగా ఉంది. వ్యసనపడినవాడు వ్యసనపరుడయ్యే క్రమంలో ఏ మలుపు వద్ద మొదటి అర్థం ఆగి రెండవది మొదలైందో దేవదాసు చెప్పలేడు. అతని కోసం అన్నం మూట కట్టుకొని వచ్చినవారు, వీధిలో వెతికినవారు, నిద్రలేచి ఖాళీ బల్లను చూచినవారు చెప్పగలరు. తెలుగు విమర్శ ఇకనైనా వారి వైపు నుండి ఈ నవలను తెరవవలసి ఉంది.