గూడబాతు ముక్కు మీది చుక్కలు

ఆటపాకలో గూడబాతు ఫొటో చూపిస్తే నేను ముందు ముక్కు చూస్తాను. పై దవడ పొడవునా ముదురు చుక్కలుంటాయి. అవి దేనికది విడిగా కనిపించాలి. క్రాప్ సెన్సర్ కెమెరాలో మెగాపిక్సెళ్లు పెరిగితే ఒరిగేదేమిటో తేల్చడానికి కొల్లేటి ఒడ్డున ఇంతకన్నా మంచి గుర్తు లేదు.

కైకలూరు పక్కనున్న ఈ ఊళ్లో పక్షులు ఇనుప స్టాండ్ల మీద గూళ్లు పెడతాయి. మనం గట్టు మీదో పడవలోనో ఉండాల్సిందే, గూటి దగ్గరికి పోకూడదు. 40 మీటర్ల నుంచి 400 మి.మీ. లెన్సుతో తీస్తే, సెన్సర్ మీద పడే బొమ్మ అసలు పక్షిలో నూరో వంతు. 2014 నాటి కానన్ 7డి మార్క్ 2లో 20.2 మెగాపిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్ వెడల్పు సుమారు 4.1 మైక్రాన్లు. 2022లో వచ్చిన ఆర్7లో 32.5 మెగాపిక్సెళ్లు, వెడల్పు 3.2 మైక్రాన్లు. 5 మి.మీ. చుక్క పాతదాంట్లో అడ్డంగా 12 పిక్సెళ్లు ఆక్రమిస్తే కొత్తదాంట్లో దాదాపు 16. సంఖ్య 60 శాతం పెరిగినా వివరం పెరిగేది పావు వంతుకు కాస్త పైనే. ఆ పావు వంతు చిన్నదేం కాదు. మెడ వెనక చింపిరి ఈకలు ముద్దగా కాక పోగులు పోగులుగా కనబడేది దాని వల్లనే.

నన్ను అబ్బురపరిచేది మాత్రం ఆ సెన్సర్ పనితనం. తపాలా బిళ్లంత సిలికాన్ మీద మూడు కోట్లకు పైగా కాంతి గుంటలు. ప్రతి గుంటపైనా ఎరుపో ఆకుపచ్చో నీలమో రంగు పొర, దానిపై ఒక బుల్లి కటకం. పక్కకు పడి వృథా అయ్యే వెలుగును ఆ కటకమే గుంటలోకి మళ్లిస్తుంది. ఫ్యూజీ ఎక్స్-టీ5లో 40.2 మెగాపిక్సెళ్లు. వెలుగుకు అడ్డొచ్చే తీగల పొరను అందులో గుంటల కిందికి దించారు. పిక్సెల్ చిన్నదైతే నాయిస్ తప్పదన్న పాత భయం ఇక్కడే సడలింది. మొత్తం ఎంత వెలుగు అందుతుందన్నది సెన్సర్ వైశాల్యాన్నీ లెన్స్ ఎపర్చర్‌నూ షటర్ వేగాన్నీ బట్టి ఉంటుంది. స్క్రీన్ మీద నూరు శాతం సైజులో చూస్తే గరుకు కనిపిస్తుంది కానీ, పాత, కొత్త కెమెరాల ఫొటోల్ని ఒకే సైజులో ప్రింట్ వేస్తే ఆ తేడా దాదాపు పోతుంది.

అయితే చిన్న పిక్సెల్ దేన్నీ క్షమించదు. ఎఫ్/11కు మూస్తే వెలుగు ఎపర్చర్ అంచుల దగ్గర చెదిరి, ఒక్కో బిందువు 15 మైక్రాన్ల మేర పరుచుకుంటుంది. అప్పుడు 3.2 మైక్రాన్ల పిక్సెల్ ఉండీ ఏం లాభం? మధ్యాహ్నం నీటి మీద గాలి వేడెక్కి కదిలితే ఆ వణుకును కూడా అది శ్రద్ధగా నమోదు చేస్తుంది. ఆర్7లో ఎలక్ట్రానిక్ షటర్ వాడితే వాలుతున్న పక్షి రెక్కలు ఒరిగిపోతాయి, మెకానికల్ షటర్ మేలు. పొద్దున్నే, ఎఫ్/6.3 దగ్గర, సెకనులో రెండువేలో వంతు వేగంతో తీసిన ఫొటోలో సగం వెడల్పు కత్తిరించినా 3480 పిక్సెళ్లు మిగులుతాయి. అంగుళానికి 300 చొప్పున 12x8 ప్రింటుకు అవి దాదాపు సరిపోతాయి. 20 మెగాపిక్సెళ్ల ఫైలైతే అదే కత్తిరింపుతో 9 అంగుళాల దగ్గరే ఆగాలి.