పార్వతి ఏమైనదో ఎవరు అడిగిరి?



సంఘకాపరి సినిమా కథను గూర్చి వ్రాయుట మీలో కొందరికి వింతగా తోచవచ్చును. అయినను మన నల్లజర్ల చుట్టుపట్ల పల్లెలలో దేవదాసు కథ తెలియని ఇల్లు అరుదు. వేదాంతం రాఘవయ్య గారి దర్శకత్వమున 1953వ సంవత్సరములో వచ్చిన ఆ చిత్రమును మన పెద్దలు డేరా హాళ్లలో నేలమీద కూర్చుండి చూచిరి. వారి మనుమలు నేడు చేతిలోని ఫోనులో చూచుచున్నారు. దేవదాసుగా నటించిన అక్కినేని నాగేశ్వరరావు గారు కొల్లేటికి ఆవల గుడివాడ ప్రాంతమువారు గనుక, మనవాడను అభిమానము కూడ ఇక్కడ కలదు. గడ్డము పెంచి దిగులుగా తిరుగు పడుచువాడు కనబడిన యెడల, "ఏరా, దేవదాసువైపోయావా?" అని నవ్వుదురు. పెండ్లియైన పిమ్మట పొయ్యి దగ్గర మాటాడక కన్నీరు తుడుచుకొను పిల్లను చూచి, "పార్వతివైపోయావా?" అని ఎవరును అడుగరు.

నేనును అందరివంటివాడనే. మద్యపానమునకు విరోధముగా ప్రసంగించినప్పుడెల్ల దేవదాసును ఉదాహరణగా చెప్పితిని. కొంతకాలము క్రిందట అట్టి ప్రసంగము ముగిసిన తరువాత, యౌవనస్థుల కూటములో ఒక చిన్నది లేచి, "అయ్యగారూ, దేవదాసు చచ్చిపోయాడు సరే. మరి పార్వతి ఏమైపోయింది?" అని అడిగెను. నాకు జవాబు తోచలేదు. ఇంటికి పోయి, ఆ చిత్రమునకు మూలమైన శరత్ చంద్ర చటర్జీ గారి నవలను తెలుగు అనువాదములో మరల చదివితిని. ఆయన యౌవనములో వ్రాసినది అది, 1917లో అచ్చయినది. చివరి పుటకు వచ్చి ఆగిపోతిని. పార్వతి ఏమైనదో తనకు తెలియదనియు, తెలిసికొనవలెనను కోరికయు లేదనియు, దేవదాసు కొరకు మాత్రమే తనకు బాధ కలుగుచున్నదనియు రచయిత అక్కడ చెప్పిరి. మనలను కూడ దేవదాసు కొరకే కన్నీరు విడువుమనిరి.

ఆయన విచారింపని పార్వతిని ఈ మాసము మనము విచారించుదము. ఇందుకు వేరే సాక్ష్యము అక్కరలేదు. ఆయన పుస్తకమే చాలును. దానిని శ్రద్ధగా చదివినచో ఒక సంగతి తేటపడును. ఆ కథలో దేవదాసు మొదటి నుండి చివరి వరకు ఎదుగలేదు. ఎదిగినది పార్వతి. ఆమె ఒక అడుగు ముందుకు వేసినప్పుడెల్ల ఎదుట నున్నవారు ఒక తలుపు వేసిరి.

మొదట ఆమెను చిన్నపిల్లగా చూడుడి. దేవదాసు జమీందారు కొడుకు. ఈమె పొరుగింటి సామాన్యుని కూతురు. అతడు పిలిచిన పరుగెత్తును, కొట్టినను అతని పేరు బయటపెట్టదు. అతని మాటయే ఆమెకు చట్టము. అట్టి పిల్ల 13 ఏండ్లది కాగానే ఇంట పెండ్లి మాట పుట్టెను. నాయనమ్మ పోయి జమీందారింట సంబంధము కదిపెను. ఆడపిల్లకు సొమ్ము పుచ్చుకొను కుటుంబమనియు, ఇరుగింటి వియ్యమనియు వారు త్రోసివేసిరి. కన్యాశుల్కమును గూర్చి గురజాడవారి నాటకము ఎరిగిన మనకు ఆ మాటలోని అవమానము వేరుగా చెప్పనక్కరలేదు. పార్వతి తండ్రి రోషపడి, ఇంతకంటె గొప్ప జమీందారుకే ఇత్తునని, భార్య చనిపోయిన ఒక పెద్దవానిని కుదిర్చెను. ఆ పెండ్లికొడుకు పెద్ద కుమారుడు పార్వతికంటె వయసున పెద్దవాడు. ఇరువైపుల పెద్దలును తమ పరువు నిలుపుకొనిరి. పిల్లను అడిగినవారు లేరు.

అప్పుడు ఆమె మొదటి అడుగు వేసెను. తన స్నేహితురాలైన మనోరమతో, నా సంగతి నేనే అడుగుదునని చెప్పి, నడిరేయి ఒంటరిగా దేవదాసు గదికి పోయెను. అతనిని లేపి, తనకు స్థానమిమ్మని వేడుకొనెను. అంతవరకు ఇతరులు చెప్పగా చేసిన పిల్ల, తన జీవితమును గూర్చి తన నోట మాటాడిన మొదటి రాత్రి అది. దేవదాసు అడిగిన మాటలలో ముఖ్యమైనది ఏది? నిన్ను ఎవరైన చూచిరా, అని. అతడు దుర్మార్గుడు కాడు. ఆమెయందు ప్రేమ కలదు. అయినను తెల్లవారి తండ్రి కాదనగానే పట్టణమునకు వెళ్లిపోయి, అక్కడనుండి ఆమెను విడిచిపెట్టుచున్నట్లు ఉత్తరము వ్రాసెను.

ఈ చోట మన సంఘములలో బాగుగా తెలిసిన మరియొక రాత్రిని ప్రక్కన పెట్టి చూడుడి. రూతు కూడ నడిరేయి బోయజు కళ్లమునకు పోయెను. ఆమె బీదరాలు, విధవరాలు, పరదేశి. ఆమెయు తన నోటనే అడిగెను. ఆమె రాకను ఎవరును ఎరుగకూడదని బోయజు కూడ తలంచెను. అయితే అది ఆమె పేరు కాపాడుటకు. భయపడవద్దని చెప్పి, అడిగినదంతయు చేయుదునని మాట ఇచ్చెను. అతనికిని అడ్డంకి లేకపోలేదు. తనకంటె దగ్గరి బంధువు ఒకడుండెను. అయినను తెల్లవారగానే ఊరి గుమ్మమునొద్దకు పోయి, పదిమంది పెద్దలను కూర్చుండబెట్టి, ఆ దినమే పని ముగించెను. రెండు రాత్రులలోను ధైర్యము స్త్రీదే. ఒక కథ సంతోషముగాను ఒకటి దుఃఖముగాను ముగియుటకు కారణము, విన్న పురుషుడు మరునాడు చేసిన పనిలో నున్నది. కనుక పార్వతి హద్దు మీరినందున చెడినదని చెప్పువారితో నేను ఏకీభవింపను.

రెండవ అడుగు నీటి ఒడ్డున. ఉత్తరము వ్రాసినందుకు పశ్చాత్తాపపడి దేవదాసు తిరిగి వచ్చెను. ఇప్పుడు చేసికొందునని చెప్పెను. ఆమె కాదనెను. నీకు తలిదండ్రులు ఉన్నట్లే నాకును ఉన్నారు, వారికిని గౌరవము కలదు, అను భావముతో బదులు చెప్పెను. దీనిని అనేకులు పొగరు అందురు. ఆ పొగరే ఇద్దరిని చెరిపెనందురు. నేను అట్లు చదువను. కొన్ని దినముల క్రిందట స్థానమిమ్మని వేడుకొన్న పిల్ల, తాను విసిరివేసి మరల ఏరుకొనదగిన వస్తువు కాదని ఇప్పుడు తెలిసికొనెను. దానికి దేవదాసు ఇచ్చిన జవాబు దెబ్బ. గాలపుకర్రతో ఆమె నుదుట గాయము చేసెను. రచయిత ఆ మచ్చను ప్రేమకు గురుతుగా చూపిరి. చదువరులు కూడ దానిని ముద్దుగా చెప్పుకొందురు. సహోదరులారా, దెబ్బ దెబ్బయే. కాదన్న స్త్రీని కొట్టుటకు ప్రేమ అను పేరు పెట్టుట ఈ గొప్ప కథలోని పెద్ద తప్పు. మన ఇండ్లలో ఆ తప్పు నేటికిని బ్రదికియున్నది.

మూడవ అడుగు అత్తవారింట. తన ఈడుదైన సవతి కూతురు అలిగియుండగా, పార్వతి తన నగలను ఆమెకు ఇచ్చి ఆమె మనస్సు గెలిచెను. పెద్ద ఇంటి పెత్తనమంతయు చక్కగా నడిపెను; బీదలకు అన్నము పెట్టెను. దేవదాసు త్రాగుడులో చెడిపోవుచున్నాడని విన్నప్పుడు, లోకులేమనుకొందురో అని ఆగక, అతనిని తీసికొని వచ్చుటకు తానే బయలుదేరెను. ఇంతవరకు ఆమెను గీసిన చేయి గొప్ప చేయి. చిత్రములో పాటలును, కన్నీళ్లును ఎక్కువగా దేవదాసుకే ఇచ్చిరి. అయినను, అప్పటికి ఇరువది ఏండ్లయినను నిండని సావిత్రి గారు, మాటలు ఇయ్యని చోట కేవలము చూపుతో పార్వతి మనస్సును చెప్పిరి. పెద్దలు లోపల పెండ్లి మాటలాడుచుండగా ఆ ముఖమును చూడుడి. ఈమె ఏమనుచున్నదో ఒకరైన అడుగరేమి, అని మనకే అనిపించును.

కడపట, దేవదాసు ఇచ్చిన మాట చొప్పున ఆమె ఊరికి వచ్చి, ఆమె ఇంటి ముంగిటనే ప్రాణము విడిచెను. చనిపోయినవాడు ఎవరో తెలిసి ఆమె పరుగెత్తెను. ఇంటివారు ఆమెను ఆపుమనిరి, దాసీలు పట్టుకొనిరి, ఆమె మూర్ఛిల్లెను. అక్కడితో రచయిత ఆమెను విడిచి, దేవదాసు కొరకు ఏడువుమని మనతో చెప్పిరి. ఆమె ధైర్యమును అడుగడుగునను చూచి వ్రాసినవారే, ఆ ధైర్యమునకు లోకమున చోటు దొరకనప్పుడు, ఆమెను గూర్చి అడుగుట మానిరి. నా దృష్టికి నవలలోని లోపము ఇదే.

అయితే శరత్ బాబును ఒక్కనినే తప్పుపట్టుట న్యాయము కాదు. మన కొల్లేటి కథయే వినుడి. కొల్లేటికోటను పట్టుటకు జరిగిన యుద్ధములో, సరస్సు నీరు సముద్రమునకు పోవుటకు కాలువ త్రవ్విరనియు, ఒక సేనాపతి జయము కోరి తన కుమార్తెను బలి ఇచ్చెననియు చెప్పుకొందురు. ఆ కాలువకు పేరంటాల కనుమ అను పేరు అందువలననే వచ్చినదట. కోట పేరు చెప్పుదురు, రాజు పేరు చెప్పుదురు. ఆ పిల్ల ఏమన్నదో ఏ కథకుడును చెప్పలేదు.

నేను కాలేజీలో చదివిన షేక్స్పియరు నాటకములో జూలియెట్టు అను పిల్ల కలదు. ఆమెకును 14 ఏండ్లు నిండలేదు. తండ్రి నిర్ణయించిన పెండ్లికి ఒప్పుకొనక, తల్లి విడిచినను, పెంచిన దాది విడిచినను నిలిచెను. చివరకు ఆమె నమ్మినది ఒక పాదిరిని. ఆయన మంచివాడే. అయితే అందరి ఎదుట నిలిచి మాటాడుటకు బదులు రహస్యపు ఉపాయములు పన్నెను. సమాధిలో ఆమె మేల్కొన్న వేళ, కావలివారి అలికిడి విని ఆమెను విడిచి పారిపోయెను. కాలేజీలో ఆ భాగమును పరీక్ష కొరకు చదివితిని. ఇప్పుడు నా వృత్తివాడైన ఆ పాదిరిని చూడ సిగ్గగుచున్నది. కారణము చెప్పెదను.

చాల ఏండ్ల క్రిందట, మరియొక సంఘములో నేను పని చేయుచుండగా, కరెంటు లేని ఒక రాత్రి, మా సంఘపు పిల్ల ఒకతె మా అరుగు మీదికి వచ్చెను. మేనమామతో ఆమె పెండ్లికి మూడవ ప్రకటన కూడ అయినది. పందిరి రాటలు తెచ్చియుండిరి. "అయ్యగారూ, నాకు ఇష్టం లేదండి. మీరు నాన్నతో ఒక్క మాట చెప్పండి" అనెను. నేను మొదట అడిగినదేమి? "నువ్వు ఇక్కడికి రావడం ఎవరైనా చూశారా అమ్మా?" అని. తరువాత ప్రార్థన చేసి, తండ్రి మాట వినుమని చెప్పి, మా ఇంటి అమ్మగారిని తోడిచ్చి పంపివేసితిని. పది దినములకు ఆరాధన క్రమములోని ప్రశ్న నేనే ఆమెను అడిగితిని. ఆమె నేల చూచుచు "అవును" అనెను. దానిని రిజిష్టరులో వ్రాసికొంటిని. ఆమెకు కీడు ఏమియు జరుగలేదు, పిల్లలు కలరు. నేను ఎక్కడైన ఎదురైనప్పుడు వందనము చెప్పి, ముఖము ప్రక్కకు త్రిప్పుకొనును. నవలలో దేవదాసు అడిగిన ప్రశ్నను మరల చదివినప్పుడు, అది నా గొంతుతో వినబడెను.

తలిదండ్రులను సన్మానింపవలెనను ఆజ్ఞ మాట ఏమని మీరు అడుగవచ్చును. ఆ ఆజ్ఞ నిలిచియే యున్నది. అయితే రిబ్కాను ఇస్సాకు కొరకు పంపునప్పుడు, సంబంధము దేవునివలన వచ్చినదని ఒప్పుకొన్న తరువాత కూడ, ఆమె ఇంటివారు ఆమెను పిలిచి, వెళ్లుదువా అని అడిగిరి. అడుగుటవలన వారి పెద్దరికము తగ్గలేదు. మనమును అడుగుచున్నాము, కాని బంధువులు వచ్చి, వంటలు ఉడికి, అప్పులు చేసిన తరువాత, గుడి నిండ జనము చూచుచుండగా అడుగుచున్నాము. అప్పుడు ఏ పిల్ల కాదనగలదు? పెండ్లికూతురికి 18 ఏండ్లు నిండవలెనని 2006వ సంవత్సరపు చట్టము చెప్పుచున్నది. వయసును చట్టము చూచును. మనస్సును మనమే కనుగొనవలెను.

కనుక మా సంఘములో ఒక పద్ధతి పెట్టితిమి. మొదటి ప్రకటన చదువుటకు ముందు, మా ఇంటి అమ్మగారు పెండ్లికూతురితో ఒంటరిగా కూర్చుండి మాటాడును. ఆ పిల్ల కాదన్నచో, ఆ మాట తండ్రికి చెప్పు భారము ఆమెది కాదు, నాది. ఈ పద్ధతి వచ్చిన తరువాత ఇద్దరు తండ్రులు నా మీద కోపగించి కొన్ని ఆదివారములు గుడికి రాలేదు. ఒకరు తిరిగి వచ్చిరి. రెండవవారి కొరకు ప్రార్థించుచున్నాము.

చదువరులారా, ఈసారి మీ ఇంట ఎవరైన దేవదాసు చిత్రము చూచుచున్నప్పుడు మీరును ప్రక్కన కూర్చుండుడి. పాటలు వినుడి, తప్పులేదు. చూచుట ముగిసిన తరువాత, మీ ప్రక్కనున్న కూతురిని గాని, మనుమరాలిని గాని, పార్వతి ఏమైయుండునని అడుగుడి. ఆమె చెప్పునది అడ్డురాక కడవరకు వినుడి.