80 ఆంపులు చాలు

కళింగపట్నం వైపు ఊళ్లలో ఇనుప గేటుకి ఆయుష్షు తక్కువ. ఉప్పుగాలి ముందు అతుకులనే తింటుంది. అందుకే పెరటి షెడ్డులోకి చిన్న వెల్డింగు మిషను కొందామని, శ్రీకాకుళం రోడ్డు పక్కనున్న వెల్డింగు షాపతన్ని సలహా అడిగాను.

“పెట్టెమీద 200 ఆంపులని రాసుంటే సంబరపడిపోకండి మాస్టారూ. మీ గేటుకి 80 సాలు. పది నిమిషాల్లో ఎన్ని నిమిషాలు ఆపకుండా కాల్చొచ్చో అది సూడండి” అన్నాడతను.

కేటలాగులో డ్యూటీ సైకిల్ అనేది అదే. ఐదారు కిలోల ఇన్వర్టరు మిషను ఇంటి సింగిల్ ఫేజు మీదే నడుస్తుంది. 16 ఆంపుల ప్లగ్గు, సరైన ఎర్తింగు ఉండాలంతే. మిషను చవకదైనా పర్లేదు, ముఖానికి పెట్టుకునే నల్లద్దం దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఆ వెలుగు చూస్తే రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టే!

అతని పని చూడాలి. చెమ్మెక్కిన 2.5 మిల్లీమీటర్ల రాడ్లని కాసేపు ఎండకి పెట్టాడు. ఒకటి తీసి అగ్గిపుల్లలా గీశాడు. ఆ తర్వాత అంతా చెవితోనే: వేపుడు చిటపటలా చప్పుడు సమంగా సాగితే అతుకు కుదురుతున్నట్టు. సుత్తితో తడితే నల్లటి పెంకు రాలి, కింద చేప పొలుసుల వరస మెరిసింది.

నేను వేసిన అతుకు గుమ్మడి వడియాలు పెట్టినట్టు వచ్చింది. పల్చటి పైపుకి రెండు చిల్లులు అదనం. అతను నవ్వలేదు. నా మణికట్టు పట్టుకుని రాడ్డు ఎంత వంచాలో చూపించాడు.