చీర ధర అంచు అతుకులో ఉంది

లింగాలలో పెళ్లి కుదిరిన ఇంట్లో బట్టల లెక్క మొదలవగానే రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. "గద్వాల చీర లేకుంటే పెట్టుపోతలు ఏం నిండుగుంటయి?" అని ఒకరంటారు. "ఆ పైసలతోని నాలుగు చీరలొస్తయి. తెచ్చి బీరువాల పెట్టుడే కదా!" అని ఇంకొకరు. రెండూ అనుభవంతో అన్న మాటలే. రెండో మాటను పిసినారితనం కింద కొట్టిపారేయడం అన్యాయం. నల్లమల అంచున, వాన మీద ఆధారపడి పత్తి వేసుకునే ఇంటికి, చీరకు పన్నెండు వేలంటే ఎంతో బాగా తెలుసు. అలాంటి ఇంటికి "కళను కాపాడాలి" అని చెప్పడం జవాబు కాదు. ఆ డబ్బు ఎక్కడికి పోతుంది, ఆ చీర ఒంటి మీద ఎలా ఉంటుంది, ఎన్నేళ్లు ఉంటుంది అన్నవి విప్పి చెప్పాలి.

లింగాల నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, పెబ్బేరు దాటి బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన ఎక్కితే అవతల నడిగడ్డ. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఉన్న ఈ నేలలోనే గద్వాల, ఐజ, గట్టు, రాజోలి మగ్గాలున్నాయి. నది ఇవతల వనపర్తి జిల్లాలో కొత్తకోట, అమరచింతల్లోనూ నేత ఉంది. 2016 దాకా ఇదంతా ఒకే పాలమూరు జిల్లా. గద్వాల సంస్థానాధీశులు నేతగాళ్లను ఆదరించారని, పని నేర్చుకోవడానికి కొందరిని కాశీకి పంపారని పెద్దలు చెప్పుకుంటారు. ఆ కథ నిజానిజాల సంగతి ఎలా ఉన్నా, ఈ చీరలో జరీ పనితనం కంటే నాకు గొప్పగా తోచేది దాని కట్టుబడి. ఒళ్లంతా నూలు, అంచులూ కొంగూ పట్టు.

ఈ ఏర్పాటులో ఎంత ఆలోచన ఉందో పాలమూరు ఎండ తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పెళ్లిళ్లు ఎక్కువగా ఎండాకాలంలోనే. పందిట్లో, పొయ్యిల దగ్గర, బంధువుల మధ్య పొద్దున నుంచి రాత్రి దాకా ఒకే చీరలో తిరగాలి. పూర్తి పట్టు ఆ వేడికి ఒంటికి అంటుకుపోతుంది. ఉత్త నూలు శుభకార్యానికి చిన్నబోతుంది. చెమట పీల్చే నూలును ఒంటికిచ్చి, కళ్లకు కనిపించే చోట పట్టునూ జరీనీ పెట్టారు. మడిస్తే అగ్గిపెట్టెలో పడుతుందని గద్వాల చీరకు పేరొచ్చిందంటే, ఆ నూలు అంత సన్నం కాబట్టే. కట్టుకోవడానికి వీలుగా ఉండాలన్న ఆలోచనలోంచే ఈ చీర పుట్టింది. నేతచీరలు వాడకానికి పనికిరావన్న మాట అన్నిటికంటే తక్కువగా వర్తించేది దీనికే.

మరి ధర ఎందుకంత? నూలును పట్టుకు అతికించడంలోనే ఉంది చిక్కు. సూదితో కుట్టిన అతుకు కాదది, మగ్గం మీదే పడాలి. దీన్ని కుప్పడం నేత అంటారు. గుంట మగ్గం మీద పడుగు మూడు భాగాలుగా ఉంటుంది. ఎడమ అంచుకు పట్టు, నడుమ నూలు, కుడి అంచుకు మళ్లీ పట్టు. మామూలు చీరకు ఒక్క నాడె చాలు, ఈ చివర నుంచి ఆ చివరకు దూసుకుపోతుంది. ఇక్కడ మూడు నాడెలు. నడుమ నాడె నూలు పోగుతో అంచు దాకా వచ్చి, అక్కడ అంచు నాడె తెచ్చిన పట్టు పోగును మెలిపెట్టి పట్టుకుని వెనక్కి తిరుగుతుంది. పట్టు పోగు తన అంచులోకి తాను వెళ్లిపోతుంది. ఎర్రటి అంచు పోగు ఆకుపచ్చ ఒంట్లోకి పోదు, ఆకుపచ్చ పోగు ఎరుపులోకి రాదు. ఆ సరిహద్దులోనే ఆలయ శిఖరాల వరుసలా కోటకొమ్ములు లేస్తాయి. ఒక్కో కొమ్ము పెరుగుతూ తరుగుతూ ఉంటే, పోగులు కలిసే చోటు ప్రతిసారీ కాస్త అటో ఇటో జరగాలి.

అంగుళానికి అరవై పేక పోగులు పడతాయని అనుకుందాం. ఐదున్నర మీటర్ల చీరలో ఆ మెలిక అటూ ఇటూ కలిపి దాదాపు 13,000 సార్లు పడాలి. ఒకటి వదులైతే అక్కడ సన్నని కంత, ఒకటి బిగుసుకుంటే అక్కడ ముడత. పైగా నూలు బిగువు వేరు, పట్టు బిగువు వేరు. రెండింటినీ ఒకే మగ్గం మీద ఒకే తీరున లాగి పట్టాలి. అంచు పెద్దదైతే పక్కన ఇంకో మనిషి కూర్చుని ఆ వైపు నాడె అందుకోవాలి. సాదా చీరకు నాలుగైదు రోజులు, బుటాలు దట్టంగా ఉంటే ఎనిమిది రోజులు, ఆ పైన కూడా పడుతుంది.

ఇది నేసే రోజుల లెక్క మాత్రమే. దానికి ముందు పట్టును ఉడికించి జిగురు తీయాలి, రంగు అద్దాలి, చిలపలు విప్పి కండెలు చుట్టాలి, పడుగు పోయాలి. పాత పడుగు చివర మిగిలిన పోగులకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వేళ్లతో మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. కండెలు చుట్టే పని, అతికే పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్లూ ముసలివాళ్లూ చేస్తారు. కూలి మాత్రం చీరకింతని మగ్గం మీద కూర్చున్న మనిషి చేతికొస్తుంది. అంటే ఒక్క కూలిలో ఇద్దరు ముగ్గురి పని కలిసిపోయి ఉంటుంది. చీర ఖరీదు ఎక్కువని అనే ముందు ఈ ఒక్క సంగతి తలుచుకుంటే చాలని నాకు అనిపిస్తుంది.

బెంగళూరు వైపు నుంచి పట్టు, సూరత్ నుంచి జరీ రావాలి. పట్టు ధర ఏటికేడు ఎగుడుదిగుడు. వెండి, బంగారం పెరిగినప్పుడల్లా అసలు జరీ ధర పైకి పోతుంది, అందుకే ఇప్పుడు చాలా చీరల్లో రాగి తీగ మీద పూత పూసిన జరీ వాడుతున్నారు. అందులో తప్పేమీ లేదు, కొనేవాళ్లకు ఆ మాట చెప్పి అమ్మితే. తక్కువ జరీతో నూలు ఒళ్లు చీర కొన్ని వేలకు దొరుకుతుంది. ఒళ్లు కూడా పట్టుతో నేసే రకమై, అంచు పెద్దదయ్యే కొద్దీ ధర పదివేలు దాటి పోతూ ఉంటుంది.

ఈ నేతకు వెల కట్టని సందర్భం ఒకటుంది. తిరుమల బ్రహ్మోత్సవాలకు శ్రీవారికి గద్వాల నుంచి ఏరువాడ జోడు పంచెలు వెళ్తాయి. సంస్థానం కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ ఇది. నేసేవాళ్లు నలభై ఒక్క రోజులు దీక్షలో ఉండి నేస్తారు. పంచె పొడవు పదకొండు గజాలు. అంత పెద్ద పంచెకు అటూ ఇటూ పెద్ద అంచు, అంచులో కోటకొమ్ములు. ఒకే మగ్గం చుట్టూ నలుగురైదుగురు చేరితే గానీ సాగదు. అంచును ఒంటితో కలిపే ఆ పనే మన ఇంటి చీరలోనూ ఉంటుంది.

ఈ పని ఎంత బలహీనమైన నేల మీద నిలబడి ఉందో 2009 అక్టోబరులో రాజోలి చూసింది. మగ్గాన్ని గుంటలో పెట్టేది నేలలోని తేమకు పోగు తెగకుండా ఉంటుందని. తుంగభద్ర ఊరి మీదికి వచ్చినప్పుడు ముందుగా నిండింది ఆ గుంటలే. మగ్గాలు, వాటి మీదున్న పడుగులు, ఇంట్లో దాచిన పట్టు, నూలు మునిగిపోయాయి. వరద రాకపోయినా వానాకాలంలో గుంటలోకి ఊట దిగితే పని ఆగుతుంది. ఆగిన రోజుకు కూలి లేదు.

ఇక వాడకంలో వచ్చే చిక్కులు. ఇవి నిజమైనవే, దాచిపెట్టి అమ్మకూడదు. నూలు నీళ్లకు ముడుచుకుంటుంది, పట్టు అంతగా ముడుచుకోదు. మొదటిసారి బకెట్లో నానబెట్టి పిండితే అంచు అలలు తేలుతుంది. అందుకే మొదటి ఒకటి రెండు సార్లు డ్రై క్లీనింగ్ మేలు. తర్వాత నూలు ఒళ్లు చీరనైతే చల్లటి నీళ్లలో కుంకుడు రసంతో ఇంట్లోనే ఉతుక్కోవచ్చు. పిండకుండా నీడన ఆరేయాలి. జరీ మీద సెంటు కొట్టకూడదు, కలరా ఉండలు తగలనీయకూడదు. తెల్లటి నూలుగుడ్డలో చుట్టి పెట్టి, మూడు నాలుగు నెలలకోసారి విప్పి మడత మార్చాలి. ఒకే మడత ఏళ్ల తరబడి ఉంటే జరీ అక్కడే విరుగుతుంది. నాశనమైన గద్వాల చీరలు కట్టి చిరిగినవాటికంటే కట్టకుండా మడతల్లో విరిగినవే ఎక్కువ అని నా గట్టి నమ్మకం. బీరువాలో పెట్టుడే అన్న మాటలో తప్పు చీరది కాదు.

వాడకం ఆగితే ఏమవుతుందో లింగాల చుట్టుపక్కల తండాలకు వెళ్తే తెలుస్తుంది. లంబాడీ ఆడవాళ్లు అద్దాలు, గవ్వలు, రంగు దారాలతో కుట్టుకున్న పేటియా (లంగా), కాంచళి (రవిక), టుక్రి (ఓణీ) ఒకప్పుడు పొలం పనికీ అవే, పండుగకూ అవే. ఇప్పుడు ఎక్కువగా ముసలమ్మల ఒంటి మీదే కనిపిస్తాయి. పడుచుపిల్లలు తీజ్‌కు వేసుకుంటారు. బరువు, ఉతకడం కష్టం, కూలికి వెళ్లేచోట, కాలేజీలో అందరి కళ్లూ పడటం. వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. కానీ ఏడాదికోసారి వేసుకునే బట్ట కోసం నెలల తరబడి కూర్చుని కుట్టే చేతులు తగ్గిపోతాయి, మిషన్ మీద కుట్టినవి సంతకొస్తాయి. గద్వాల చీరకు ఆ గతి పట్టకూడదంటే దాన్ని ఒంటి మీదికి తేవాలి. పెళ్లికే అని ఆగకుండా బోనాలకు, బతుకమ్మకు, పిల్లల బడి కార్యక్రమానికి కట్టాలి.

అలా కడితే ధర సంగతి కూడా మారుతుంది. పన్నెండు వేల చీరను ఏడాదికి ఆరుసార్లు, ఇరవై ఏళ్లు కడితే నూట ఇరవై సార్లు. కట్టిన సారికి వంద రూపాయలు. పదిహేను వందల సింథటిక్ చీర పదిసార్లకు మెరుపు పోయి పక్కన పడితే సారికి నూట యాభై. ఇందులో ఇరవై ఏళ్లన్నది నేను మురిపానికి వేసిన సంఖ్య కాదు. మా ఇళ్లలో అమ్మమ్మల గద్వాల చీరలు ఇంకా కడుతున్నారు. ఒళ్లు పలచబడి చిరిగినా అంచు గట్టిగానే ఉంటుంది. ఆ అంచు తీసి కొత్త నూలు గుడ్డకు వేయించి ఆడపిల్లకు లంగా కుట్టించడం మా వైపు మామూలే.

ఇంత డబ్బు పెట్టేటప్పుడు మోసపోకుండా చూసుకోవడం కొనేవాళ్ల హక్కు. అంచూ ఒళ్లూ కలిసే చోటు తిప్పి వెనక వైపు చూడండి. కుప్పడం నేతైతే అక్కడ సన్నటి గీతలా మెలికల వరుస వేలికి తగులుతుంది, రెండు వైపులా రంగు దేనికది శుభ్రంగా ఉంటుంది. మరమగ్గం మీద ఒకే పేక పోగు ఈ చివర నుంచి ఆ చివరకు పోతుంది కాబట్టి ఒంటి రంగు అంచులో కలిసి అంచు మసకబారుతుంది. వెనక వైపు కత్తిరించిన పోగుల కొసలూ కనిపించవచ్చు. చీర చివర అంచున సన్నటి సూది రంధ్రాలుంటే కంగారు పడకండి. నేసేటప్పుడు గుడ్డ వెడల్పు తగ్గకుండా గుచ్చి నిలబెట్టే పుల్ల మొనలవి, చేతినేతకు మంచి గుర్తే. అంచు నుంచి ఒక పట్టు పోగు లాగి కాలిస్తే వెంట్రుక కాలిన వాసనొచ్చి పొడిబూడిద అవ్వాలి. ఉండకట్టి గట్టిపడితే అది పాలిస్టర్.

గద్వాల చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొన్ని రకాల చీరలు చేతిమగ్గం మీదే నేయాలని 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం చెబుతోంది. చేనేత మార్కు ఉంది, పట్టుకు సిల్క్ మార్కు ఉంది. ఇవన్నీ ఉండి కూడా నేసిన మనిషికి ఏం మిగులుతోందన్న ప్రశ్న మిగిలే ఉంది. 2019-20 నాటి నాలుగో అఖిల భారత చేనేత గణనలో దాదాపు మూడింట రెండొంతుల చేనేత కుటుంబాల నెల ఆదాయం 5,000 రూపాయల లోపేనని తేలింది. పట్టు, జరీ ఇచ్చి చీర తీసుకునే షావుకారు కింద పనిచేసే నేతగానికి, దుకాణంలో ఆ చీర ఎంతకు పోయిందో తెలియదు. కొన్న ఇంటికి నేసినవాళ్ల కూలి ఎంతో తెలియదు. బేరం ఆడేటప్పుడు మనం తగ్గించమనేది ఎవరి వాటాలోంచో ఇద్దరికీ తెలియదు.

నాకు మన నేత సంఘాల నుంచి, చేనేత శాఖ నుంచి కావలసింది చిన్నది. చీరకు కట్టే చీటీ మీద జరీ ఏ రకమో, ఎన్ని రోజుల నేతో, చీరకు కూలి ఎంత ఇచ్చారో రాయాలి. కండెలు చుట్టిన, పడుగు అతికిన పనిని కూడా అందులో లెక్కగట్టి చూపాలి. పన్నెండు వేలు పెట్టే లింగాల ఇల్లాలికి ఆ చీటీ చదువుకునే హక్కుంది. చదివాక బేరం ఆడాలో వద్దో ఆమే తేల్చుకుంటుంది.