జవాబు చెప్పని నేర్పు

మేనేజ్‌మెంట్ తరగతిలో చర్చకు పెట్టే వ్యాపార సమస్య కథనాన్ని కేసు అంటారు. దాన్ని రాసేవారి పనితనం పైకి కనిపించదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 1921లో జనరల్ షూ కంపెనీ మీద తొలి కేసు వెలువరించింది. అనుభవం, దాని మీద ఆలోచన, అందులోంచి సూత్రం, ఆ సూత్రంతో మళ్లీ ప్రయోగం... నేర్చుకోవడమంటే ఈ నాలుగు దశల చక్రమని విద్యా సిద్ధాంతకర్త డేవిడ్ కోల్బ్ 1984లో తన పుస్తకంలో వివరించారు. మంచి కేసులో ఆ నాలుగింటికీ చోటుంటుంది.

గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిర్చి నిల్వ పెట్టిన వ్యాపారి మీద కేసు అనుకుందాం. ఇప్పుడే అమ్మాలా, ఆగాలా? అద్దె, బ్యాంకు వడ్డీ, మార్కెట్ యార్డు ధరలు అన్నీ పట్టికల్లో ఉంటాయి. అక్కరలేని అంకెలు కూడా కొన్ని కావాలనే పెడతారు, పనికొచ్చేవి ఏరుకోవడమూ పాఠమే కాబట్టి. వ్యాపారి చివరికి ఏం చేశాడో మాత్రం చెప్పరు. విద్యార్థే ఆ స్థానంలో నిలబడి తేల్చుకోవాలి, తోటివారితో వాదించాలి, తన లెక్క ఎక్కడ తప్పిందో చూసుకోవాలి. ఆ తర్వాత ధర పడిపోయిందంటూ కేసు రెండో భాగం చేతికిస్తే, నేర్చుకున్న సూత్రానికి అక్కడే పరీక్ష.

తెలిసిన జవాబును దాచుకుని ప్రశ్నకు పదును పెట్టడానికి ఎంతో నిగ్రహం కావాలి. మన ఊళ్ల వ్యాపారాల మీద ఇలాంటి కేసులు తెలుగులోనూ విరివిగా రావాలి.